చిల్లు పెట్టకుండా గుచ్చడం

సికింద్రాబాద్ దగ్గరి బొల్లారంలో ఏ పాత ఇల్లు ఖాళీ చేసినా అటక మీది నుంచి ఒక రేకు పెట్టె దిగుతుంది. అందులో చెదలు కొట్టిన ఉన్ని కోటు ఒకటి, దాని ఇత్తడి గుండీలు, తెగిపోయిన ముత్యాల దండ, జత పోయిన చెవి కమ్మ, ఎప్పుడో ఆగిపోయిన చేతిగడియారం, బిస్కెట్ డబ్బా నిండా చెల్లని చిల్లర. పాత సామాన్లవాడు వీటిని తూకానికి అడుగుతాడు. ఇంట్లోవాళ్లు పారేయలేరు, దాచుకోనూ లేరు. ఈ అధ్యాయం ఆ పెట్టె గురించే.

బొల్లారం పెట్టెలకు ఒక ప్రత్యేకత ఉంది. ఇది ఊరిగా కాక దండుగా పెరిగిన చోటు. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల చేతికింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సేనకు ఇదే ప్రధాన స్థావరం. ఆ సేన 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, 1860లో కట్టిన రెసిడెన్సీ బంగళా (ఇప్పటి రాష్ట్రపతి నిలయం) ఆ రోజుల గుర్తులే. దండు ఉన్నచోట దర్జీలు, చాకళ్లు, వంటవాళ్లు, గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు చేరారు. వాళ్ల ఇళ్లలోకి దొరల బట్టలు, పింగాణీ, గుండీలు కొన్ని ఇనాముగా, కొన్ని వేలంలో వచ్చి చేరాయి. అలా వచ్చినవే ఇప్పుడు అటకల మీంచి దిగుతున్నాయి.

పెట్టెలోంచి ఒక ఇత్తడి గుండీ తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. ముందువైపు దళం గుర్తు, దాని మీద కిరీటం ఉంటాయి. మన దేశం గణతంత్రమయ్యాక 1950లో సైన్యం కిరీటాన్ని తీసేసి అశోకుడి సింహాలను పెట్టుకుంది. కాబట్టి మన సైన్యం గుండీ మీద కిరీటం కనిపిస్తే అది సాధారణంగా అంతకు ముందుదే. వెనక్కి తిప్పితే అంచు చుట్టూ సన్నటి అక్షరాలు కనిపించవచ్చు. ఫర్మిన్, జెన్నెన్స్ లాంటి లండన్ గుండీల తయారీదారుల పేర్లవి. మధ్యలో ఇత్తడి తీగతో చేసిన చిన్న కొండీ ఉంటుంది. కోటుకు కుట్టడానికి పెట్టిన కొండీ అది. లాకెట్‌కు కావలసిందీ అదే. అందులోంచి ఒక తీగ రింగు పోనిచ్చి నల్లదారం ఎక్కిస్తే మెడలో వేసుకునే వస్తువు సిద్ధం. డ్రిల్లు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు, టంకం అక్కర్లేదు.

పాత వస్తువులతో నగలు చేయడంలో మొదటి పాఠం ఈ గుండీలోనే ఉంది. చిల్లు, కొండీ, గాడి, అంచు ఇలా పట్టుకోవడానికి వీలైన చోటు చాలా వస్తువులకు ముందే ఉంటుంది. పనిముట్టు చేతిలోకి తీసుకునే ముందు ఆ చోటు వెతకాలి. రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. రేపు ఈ నగ మీద మోజు తీరి విప్పేస్తే లోపలి వస్తువు వచ్చినట్టే బయటికి రావాలి. గుండీ గుండీగా, నాణెం నాణెంగా, గడియారం మూత గడియారం మూతగా తిరిగి పెట్టెలోకి వెళ్లగలగాలి. తెలిసినవాళ్లు ఎవరూ ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోరు. చిల్లు పడ్డ నాణేనికి సేకర్తల దగ్గర విలువ పడిపోతుంది, అది ఒక కారణం. అసలు కారణం నేర్చుకునేవాళ్ల మనసుకు సంబంధించినది. విప్పి మళ్లీ కట్టగలిగే పనిలో భయం ఉండదు. తాతగారి గుండీని పాడుచేస్తామేమోనన్న జంకుతో ఏళ్ల తరబడి పెట్టె మూత తీయనివాళ్లు, పాడుచేయడం కుదరని పద్ధతి చేతికొస్తే ఆ సాయంత్రమే పని మొదలుపెడతారు.

ఈ నేల మీద ఇదేం కొత్త ఆలోచన కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940-41లో తవ్వినప్పుడు సాతవాహనుల నాటి నాణేలు, గాజు, రాతి, శంఖపు పూసలు బయటపడ్డాయి. వాటితోపాటు రోమన్ చక్రవర్తి టిబీరియస్ నాణేన్ని పోలిన మట్టి బిళ్లలూ దొరికాయి. వేలాడదీసుకునేందుకు వీలుగా చేసిన బిళ్లలవి. రెండువేల ఏళ్ల కిందట ఎవరికో సముద్రం దాటి వచ్చిన నాణెం రూపం నచ్చింది. నాణేన్ని కోయకుండా దాని పోలికను మట్టిలోకి దించుకుని మెడలో వేసుకున్నారు. అలాగని అందరూ అంత జాగ్రత్త పడలేదు. తెలుగు నేల మీద దొరికిన రోమన్ బంగారు కాసుల్లో చిల్లులు పొడిచినవీ ఉన్నాయి. బంగారానికి చిల్లు పడినా బరువు పెద్దగా తగ్గదు. చక్రవర్తి ముఖం మాత్రం పాడవుతుంది.

కాసులపేరు ఇంకో దారి చూపించింది. కాసు ఒంటికి గాయం చేయకుండా అంచున కొక్కెం అతికి పేరుగా గుచ్చడం కంసాలుల పద్ధతి. తెలంగాణ లంబాడీ తండాల్లో పెద్ద వయసు ఆడవాళ్ల ఒంటి మీద ఇప్పటికీ కనిపించే పనితనంలో నాణేలు, గవ్వలు, అద్దం బిళ్లలు, ఉన్ని కుచ్చులు, తెల్లలోహపు మువ్వలు కలిసే ఉంటాయి. పెళ్లయిన స్త్రీలు జుట్టుకు కట్టుకుని చెంపల మీదికి వేలాడదీసుకునే టోప్లీలు ఆ వరుసలో అన్నిటికంటే అందమైనవి. సంతలో కొన్నది, చేతికి దొరికింది, ఇంట్లో మిగిలింది పక్కపక్కనే కూర్చోబెట్టడంలో ఆ స్త్రీలకున్న ధైర్యం నేర్చుకోదగ్గది. గవ్వ పక్కన రూపాయి పెట్టడానికి వాళ్లు వెనకాడలేదు. ఖరీదైనదీ చవకదీ కలవకూడదన్న నియమం నగల కొట్లు పెట్టింది, అలంకారం పెట్టింది కాదు.

పని మొదలుపెట్టే ముందు కొన్ని వస్తువులను పక్కన పెట్టాలి. దంతపు గాజులు, తాబేటి చిప్ప దువ్వెనలు ఇంట్లో ఎంత పాతవైనా వాటితో చేసిన నగలు అమ్మకానికి పనికిరావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వ్యాపారాన్ని ఒప్పుకోదు. చలామణిలో ఉన్న నాణేలను కరిగించడం, నాశనం చేయడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇప్పటి రూపాయి బిళ్లల జోలికి వెళ్లకూడదు. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు మాత్రం 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. పునాదులు తవ్వుతున్నప్పుడో పొలం దున్నుతున్నప్పుడో భూమిలోంచి నాణేలు, నగలు బయటపడితే అది నిధి కిందికి వస్తుంది. తహసీల్దారుకో పోలీసులకో చెప్పి అప్పగించాలి. నూరేళ్లు దాటిన వస్తువుతో చేసిన నగను విదేశంలో ఉన్న బంధువులకు పంపాలనుకుంటే అది పురావస్తువుల చట్టం కిందికి రావచ్చని గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి, ఇది ఆరోగ్యానికి సంబంధించినది. చీకట్లో కనిపించేలా అంకెల మీద రంగు పూసిన చాలా పాత గడియారాలను, సైనిక దిక్సూచులను విప్పకూడదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఆ పూతలో రేడియం కలిపేవారు. మెరుపు ఎప్పుడో ఆరిపోయినా రేడియం అలాగే ఉంటుంది, దాని అర్ధాయుష్షు సుమారు 1,600 సంవత్సరాలు. ముల్లుతో గీకితే పొడి ఊపిరిలోకి పోతుంది. మెరిసే పూత లేని పాత హెచ్‌ఎంటీ గడియారాలతో ఆ భయం లేదు. వాటిలోని ఇత్తడి చక్రాలు, మరలు చెవిపోగులకు ఎంతో బాగుంటాయి. అయినా నడుస్తున్న గడియారాన్ని నగ కోసం చంపకూడదు. గడియారం బాగుచేసేవాళ్ల దగ్గర పనికిరాని విడిభాగాల డబ్బా ఉంటుంది, అడిగితే ఇస్తారు.

తరువాత శుభ్రం చేయడం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది, అదీ మంచి ఉద్దేశంతోనే. ఇత్తడి కనిపించగానే చింతపండు పట్టించడం మన చేతికి అలవాటు. చెంబుకు అది సరే. గుండీకి, నాణేనికి మాత్రం ఏళ్ల తరబడి పట్టిన గోధుమరంగు పొరే అందం, రక్షణ కూడా. చింతపండు పులుపు ఆ పొరను తినేసి పచ్చి లోహాన్ని బయటపెడుతుంది. గోరువెచ్చని కుంకుడు రసం, మెత్తటి పళ్ల బ్రష్షు, తరువాత పూర్తిగా ఆరబెట్టడం, ఇంతకు మించి అక్కర్లేదు. వెండి నల్లబడితే అల్యూమినియం రేకు పరిచిన గిన్నెలో వేడి నీళ్లు, వంట సోడా వేసి వెండిని రేకుకు తగిలేలా పెట్టాలి. వెండిని నల్లబరిచిన గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోతుంది, వెండి అరగదు. ముత్యాలకు, పగడాలకు ఇవేవీ పనికిరావు. అవి సున్నపు పదార్థాలు, ఏ పులుపు తగిలినా కరుగుతాయి. తడిగుడ్డతో తుడిచి ఊరుకోవాలి.

దండలోది ముత్యమా ప్లాస్టిక్కా అన్న అనుమానం వస్తే పళ్ల అంచు మీద నెమ్మదిగా రాసి చూస్తే చాలు. ముత్యం సన్నటి ఇసుకలా గరగరమంటుంది, ప్లాస్టిక్ నున్నగా జారిపోతుంది. ముత్యపు చిప్పతో చేసిన చొక్కా గుండీలు పెదవికి ఆనిస్తే చల్లగా తగులుతాయి. పాత చొక్కాల నుంచి వాటిని తప్పకుండా కోసి ఉంచుకోవాలి. పది పన్నెండు పోగైతే ఒక చక్కటి కంకణం అవుతుంది.

ఇప్పుడు ఒక నగ మొదటి నుంచి చివరిదాకా. 1943 నుంచి 1947 దాకా బ్రిటిష్ ఇండియాలో మధ్యలో పెద్ద రంధ్రంతో కంచు పైసా ఒకటి అచ్చయింది. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం అలా చేశారు. చుట్టూ తీగ నగిషీ, మధ్యలో బొక్క, చూడ్డానికే లాకెట్‌లా ఉంటుంది. దీన్ని గుచ్చడానికి ఆలోచన అక్కర్లేదు, దారం దూరితే చాలు. అసలు పరీక్ష రంధ్రం లేని నాణేనిది. 1968 నుంచి 1971 వరకు వచ్చిన తామరపువ్వు 20 పైసలు అందుకు చక్కటి ఉదాహరణ. పసుపుపచ్చగా బంగారంలా మెరిసే ఆ బిళ్లలను చాలా ఇళ్లలో లక్ష్మీపూజకు దాచుకున్నారు. దానికి చిల్లు పెడితే పువ్వు మధ్యకో రేకు మీదికో పడుతుంది. అందుకే చట్రం కట్టాలి.

ముందు స్కేలుతో నాణెం వ్యాసం కొలవాలి. ఉదాహరణకు 22 మిల్లీమీటర్లు అనుకుంటే, లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు ఉండేలా రెండు తీగ రింగులు చేయాలి. నాణెం కంటే రింగు ఆ కాస్త చిన్నగా ఉండటంలోనే కిటుకు ఉంది. 20 గేజి రాగి తీగను అంత లావున్న మందు సీసాకో మార్కర్ పెన్నుకో రెండు చుట్లు చుట్టి, కట్టర్‌తో కోసి, కొసలు ఆకురాయితో నున్నగా రాసి కలపాలి. రింగుకు సుమారు 6.5 సెంటీమీటర్ల తీగ పడుతుంది. ఒక రింగు నాణేనికి ముందు, ఒకటి వెనక పెట్టి, 26 గేజి సన్న తీగతో గడియారంలో మూడు, ఆరు, తొమ్మిది అంకెలు ఉండే చోట్ల రెండు రింగులనూ కలిపి మూడేసి చుట్లు బిగించాలి. కట్టుతీగ నాణెం అంచు బయటి నుంచి వెళ్తుంది. పన్నెండు దగ్గర ఆ తీగనే కొంచెం పైకి లేపి, సూది మొన పట్టకారుతో గుండ్రటి కొండీ తిప్పి, మెడ దగ్గర చుట్లు వేసి కొస లోపలికి నొక్కేయాలి. రింగులు చిన్నవి కాబట్టి నాణెం ముందుకీ వెనక్కీ జారదు. నాలుగు కట్లు ఉన్నాయి కాబట్టి పక్కకీ పోదు. వేలితో కదిపి చూసినప్పుడు గలగలమంటే కట్లు వదులున్నాయని, తీగ నాణేన్ని గీస్తోందంటే మరీ బిగిసిందని అర్థం. ఎప్పుడైనా విప్పాలంటే ఒక కట్టు తెంపితే చాలు.

గేజి సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని కొత్తవాళ్లు గుర్తుంచుకోవాలి. దుకాణంలో 20 అడిగితే దాదాపు 0.9 మిల్లీమీటర్ల తీగ ఇస్తారు. బొల్లారం స్టేషన్‌లో రైలెక్కి సికింద్రాబాద్ దిగితే రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో కట్టర్లు, పట్టకార్లు, ఆకురాళ్లు, తీగ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పూసలు, కొక్కేలు, గొలుసులు జనరల్ బజార్‌లో చూసుకోవచ్చు. ఇంకా చవక దారి మోటార్లు రీవైండింగ్ చేసే కొట్లు. అక్కడ పాత చుట్టల రాగి తీగ తూకానికి ఇస్తారు. దాని మీది పూతను కాల్చి తీయకూడదు, పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్లేడుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దాలి. వంచి వంచి తీగ గట్టిపడితే గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఉక్కులా రాగి నీళ్లలో ముంచితే గట్టిపడదు, కంసాలి వీధిలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

పట్టుకోవడానికి ఏ చోటూ లేని వస్తువులూ ఉంటాయి. పగిలిన పింగాణీ కప్పు ముక్క, పాత ఉంగరంలోంచి ఊడిన రాయి, అద్దం బిళ్ల అలాంటివి. అందరి చెయ్యీ వెంటనే రెండు గొట్టాల గట్టి జిగురు వైపు వెళ్తుంది. అది అతికిందంటే అతికినట్టే, తీయాలంటే వస్తువే విరుగుతుంది. దీనికి జవాబు హైదరాబాద్ లాడ్ బజార్‌లో ఎప్పటి నుంచో ఉంది. అక్కడి గాజుల పనివాళ్లు నిప్పుల సెగన లక్కను మెత్తబరిచి, గాజుగా చుట్టి, అది వేడిగా ఉండగానే అద్దాలు, రాళ్లు ఒక్కొక్కటే చిమటాతో తీసి అద్దుతారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కకున్న గుణం ఏమిటంటే చల్లారితే రాయిలా పట్టేస్తుంది, మళ్లీ సెగ చూపితే వదిలేస్తుంది. మన బంగారు నగల్లో బోలు భాగాలను లక్కతో నింపడం కూడా పాత పద్ధతే. పింగాణీ ముక్కను ఒక ఇత్తడి గిన్నెలాంటి బిళ్లలో లక్క పోసి కూర్చోబెడితే యాభై ఏళ్ల తరువాత కూడా ఎవరైనా దాన్ని క్షేమంగా బయటికి తీయగలరు. ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఆ నగను వదలకూడదు. పింగాణీ అంచులు రాసేటప్పుడు ముక్క తడిగా ఉండాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి, ఆ దుమ్ము చెడ్డది.

అన్నీ దాచుకోవలసినవే అనుకోవడమూ సరికాదు. విరిగిన కుళాయి, సొట్టపోయిన గొళ్లెం, పేరూ గుర్తూ లేని ఇత్తడి తునకలు కరగడానికే ఉన్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో, ఉషేగావ్ లాంటి ఊళ్లలో ఓజా కళాకారులు మైనం తీగలతో బొమ్మ అల్లి, మట్టి పూసి కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. డోక్రా అనే ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. పాత ఇత్తడి అక్కడ నిజంగా కొత్త జన్మ ఎత్తుతుంది. ఏది కరగాలో ఏది మిగలాలో తేల్చే కొలమానం ఒకటే. వస్తువు మీద ఎవరిదైనా పేరు, ఏడు, ముద్ర, చేతి గుర్తు ఉంటే మిగలాలి.

మరీ నచ్చిన గుండీని రోజూ వేసుకుంటే అరిగిపోతుందన్న బెంగ ఉంటే కొండాపూర్ వాళ్ల ఉపాయం ఉంది. గుండీకి పలచగా నూనె రాసి మెత్తటి బంకమట్టిలో ఒత్తి తీస్తే అచ్చు వస్తుంది. మట్టి ఆరాక ఆ అచ్చులో ఎం-సీల్ ముద్ద నొక్కి గట్టిపడ్డాక తీస్తే గుండీకి జంట తయారవుతుంది. రెండు చెవులకు రెండు కావలసినప్పుడు, పెట్టెలో ఒక్కటే ఉన్నప్పుడు ఇంతకంటే మంచి మార్గం లేదు. నాణేలకు మాత్రం అచ్చులు తీయకూడదు, అది దొంగనాణేల చట్టాల దారి.

తెగిన ముత్యాల దండను మళ్లీ గుచ్చేటప్పుడు ప్రతి ముత్యం తరువాతా ఒక ముడి వేయాలి. హైదరాబాద్ ముత్యాల దుకాణాల్లో గుచ్చేవాళ్లు చేసేది అదే. దారం ఎక్కడైనా తెగితే ఒక్క ముత్యమే జారుతుంది, మిగతావి నిలుస్తాయి. ముత్యాలు ఒకదాన్నొకటి రాసుకోవు కూడా. పట్టుదారం మంచిది. పాత గాజు పూసల రంధ్రాల అంచులు మాత్రం పదునుగా ఉండి పట్టును కోసేస్తాయి. వాటికి నైలాన్ పూత వేసిన సన్న స్టీలు తీగ వాడాలి. ముత్యాలు చాలకపోతే కొత్తవి కొని రంగు కలపాలని అవస్థ పడనక్కర్లేదు. మధ్యలో చిప్ప గుండీలో నల్లపూసలో వేసుకుంటే సరి. తేడా కనిపించనీ, తప్పేం లేదు.

వేసుకునేవాళ్ల చర్మం సంగతీ చూడాలి. రాగి తగిలిన చోట చెమటకు పచ్చటి మరక పడుతుంది, సబ్బుతో పోతుంది. నికెల్ అలా కాదు, పడనివాళ్లకు దురద, దద్దు వస్తాయి. పాత రూపాయి, అర్ధరూపాయి బిళ్లల్లో చాలావాటిలో నికెల్ ఉంటుంది. అలాంటివి గొలుసు చివర దుస్తుల మీద వేలాడేలా చేయాలి కానీ చెవికి, మణికట్టుకు ఆనించకూడదు. చెవిలో దూరే కొక్కెం ఎప్పుడూ వెండిదో సర్జికల్ స్టీలుదో కావాలి, కొత్తదే కావాలి. ఎవరో వాడిన పాత కొక్కేన్ని అలాగే ఎక్కించడం మాత్రం ఏ ముచ్చట కోసమూ ఒప్పుకోకూడదు.

అమ్మాలనుకునేవారు ధర కట్టేటప్పుడు వస్తువు పాతదనానికి వేరుగా, చేతిపనికి వేరుగా లెక్క వేయాలి. సంతలో ఇరవై రూపాయలకు దొరికిన గుండీకి వందేళ్ల కథ అల్లి వేయి రూపాయలు అడగడం కొన్నవాళ్లకు చేసే ద్రోహం. చట్రం కట్టడానికి గంటన్నర పడితే ఆ గంటన్నర కూలి నిస్సంకోచంగా అడగవచ్చు. కొత్త ముక్కకు రంగు పూసి పాతదని చెప్పకూడదు. ప్రతి నగతోపాటు ఒక చీటీ పెట్టడం మంచి అలవాటు. అందులో నాలుగు సంగతులు చాలు: ఏది పాతది, ఎక్కడ దొరికింది, ఏది కొత్తగా కలిపారు, విప్పాలంటే ఏ కట్టు తెంపాలి. ఇంట్లోవాళ్ల కోసం చేసిన నగకైతే ఆ చీటీలో కోటు ఎవరిదో కూడా రాయాలి. ఆ పేరు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే వాళ్లను అడిగి రాయించుకోవాలి.